చదువు రొట్టె

కాలేజీ వెదకటానికీ, పెళ్లిసంబంధం వెదకటానికీ పెద్ద తేడా లేదన్న సంగతి, మా మనవడి పుణ్యమా అని, నాకు డెబ్భై రెండో యేట తెలిసివచ్చింది.

రెండింటికీ ముందు ఒక జాబితా తయారవుతుంది. పేరున్నవి పైన, అందుబాటులో ఉన్నవి మధ్యన, గతిలేకపోతే చూద్దాంలే అన్నవి అడుగున. అబ్బాయి ఏం చదివాడు, పొలమెంత, అన్నదమ్ములెందరు... అన్నీ విచారిస్తాం. ఆ ఇంట్లో పిల్లను ఎట్లా చూస్తారన్న ఒక్క ప్రశ్నకు మాత్రం సరైన జవాబు చెప్పే మనిషి దొరకడు. అడిగితే, "కోడల్ని కూతురు మాదిరి చూసుకుంటామండీ" అంటారు. అట్లా అనని అత్తగారిని నేనింతవరకూ చూడలేదు. అందుకే మా అమ్మ, హాల్లో మగవాళ్లు కట్నకానుకలు మాట్లాడుకుంటుంటే, తను పెరటి దోవన పోయి పాలుపోసే ఆమెతో ఓ పది నిమిషాలు కబుర్లాడి వచ్చేది. మా ముగ్గురు అక్కచెల్లెళ్ల పెళ్లిళ్లూ ఆ పది నిమిషాల మీదే కుదిరాయి, లేదా తప్పిపోయాయి.

సరే, అసలు సంగతికి వస్తాను.

మాది నెల్లూరు నుంచి మైపాడు పోయే దోవలో ఒక ఊరు. పేరు చెప్పను, చెబితే మా వాళ్లు నన్ను ఊళ్లో ఉండనివ్వరు. ఒకప్పుడు మా ఇంటి ముందు మొలగొలుకులు పండేవి. ఇప్పుడు కనుచూపు మేరా రొయ్యల గుంటలే. రాత్రిళ్లు ఏరియేటర్ల హోరు వింటూ పడుకోవటం అలవాటైపోయి, కరెంటు పోయి అది ఆగితేనే మెలకువ వస్తుంది నాకు.

2024 జూన్‌లో మా పెద్దమ్మాయి కొడుకు డాలస్ పక్కనున్న ఫ్రిస్కో నుంచి ఒక్కడే వచ్చాడు. వాడికి పదిహేడేళ్లు. తల్లి జూలైలో వస్తానని చెప్పి, వాడి సూట్‌కేసులో బట్టల మీద ఒక పెద్ద కాగితం మడిచి పెట్టింది. పన్నెండు కాలేజీల పేర్లు, పక్కన గడులు – ర్యాంకు, ఫీజు, ఇంటి నుంచి ఎంత దూరం, మన భోజనం దొరుకుతుందా లేదా. అమెరికాలో మన మాదిరి ఒక పరీక్ష రాసి, వెబ్ ఆప్షన్లు పెట్టి, ఏది వస్తే అందులో చేరటం కాదట. ఆగస్టు మొదలు దరఖాస్తులు పెట్టుకుంటూ, ఒక్కో కాలేజీకీ 'నేనెవరు' అని వ్యాసాలు రాసి పంపాలట. పదిహేడేళ్ల వాడికి 'నేనెవరు' అన్న ప్రశ్న! రమణ మహర్షికి తగిన ప్రశ్న ఇది.

ఒక ఆదివారం సాయంత్రం వాణ్ణి మైపాడు బీచికి తీసుకుపోయాను. జనం బాగానే ఉన్నారు. మేము కొంచెం ఉత్తరంగా, పడవలు ఒడ్డుకు లాగి పెట్టిన చోటికి నడిచాం. వాడు చెప్పులు ఒక చేత్తో, కాల్చిన మొక్కజొన్న కండె ఇంకో చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మమ్మా, అమ్మ లిస్టులో ఒక కాలమ్ లేదు" అన్నాడు.

"ఏం కాలమ్ అబ్బయ్యా?"

"అక్కడ నన్ను ఎట్లా చూస్తారు అని."

నా గుండె ఝల్లుమంది. "ఎందుకురా? మన ఛాయ చూసా?" అన్నాను.

"అది కూడా. కానీ అది కాదు." కొంచెంసేపు నీళ్లకేసి చూశాడు. "నేను గే అమ్మమ్మా. అమ్మకి తెలీదు. చెప్పొద్దు."

ఆ మాట నేను పేపర్లో చదివిందే. దానికి మన పేపర్లవాళ్లు వాడే తెలుగుమాట ఒకటుంది – స్వలింగ సంపర్కుడు. చదువుతుంటే పోలీసు స్టేషన్లో కేసు రాసుకున్న కాగితంలా ఉంటుంది. 'మా మనవడు' అన్న మాట పక్కన దాన్ని పెట్టి చూస్తే నాకు ఒప్పలేదు. వాడన్న ఆ ఒక్క అక్షరం మాటే నయం.

అప్పుడు నేనేదో గొప్ప మాట అన్నానని రాసుకోవాలని ఉంది. అనలేదు. "ఎండగా ఉంది, పద, ఇంటికి పోదాం" అన్నాను. సాయంత్రం ఆరున్నరకి ఎండేమిటి నా మొహం!

ఆ రాత్రి ఏరియేటర్లు తిరుగుతూనే ఉన్నా నాకు నిద్ర పట్టలేదు. చదివే మీకు నేనొక సంగతి చెప్పుకోవాలి. ఇది నేను నలభై ఏడేళ్లుగా ఎవరితోనూ అనలేదు.

1977లో మా మరిది ఇంజనీరింగు రెండో సంవత్సరం. ఏ కాలేజీ అన్నది ఇప్పుడు అనవసరం. సెలవులకు ఇంటికి వచ్చాడు. బట్టలు నానబెట్టబోతూ చొక్కా జేబు తడిమితే ఒక ఉత్తరం దొరికింది. ఏ అమ్మాయో రాసిందేమో, మరిదిగారిని ఏడిపిద్దామని సరదాపడి విప్పాను. అమ్మాయి రాయలేదు. హాస్టల్లో తోటివాడు రాశాడు. ఉత్తరంలో తప్పుమాట ఒక్కటి లేదు, కానీ స్నేహితులు రాసుకునే ఉత్తరం కాదని ఇరవై అయిదేళ్ల నాకు అర్థమయింది. నేను దాన్ని మళ్లీ జేబులో పెట్టి ఉండచ్చు. పెట్టలేదు. తీసుకుపోయి మా అత్తగారి చేతిలో పెట్టాను. మంచి కోడలిననిపించుకుందామనుకున్నానేమో, ఇప్పటికీ తెలియదు.

తర్వాత జరిగింది టూకీగా చెబుతాను. చదువు మాన్పించారు. మద్రాసు తీసుకుపోయి డాక్టరుకు చూపించారు. ఏవో మాత్రలిచ్చారు, అవి మింగి అతను పగలంతా నిద్రపోయేవాడు. తిరుపతి తీసుకుపోయారు. సంబంధాలు చూశారు. ఆరు నెలలకు అతను బొంబాయి వెళ్లిపోయి ఒక షిప్పింగు కంపెనీలో గుమాస్తాగా చేరాడు. యేటా సంక్రాంతికి 'వదినకు నమస్కారములు' అని ఒక కార్డు వచ్చేది. ఉత్తరం ఎవరిచ్చారో అతనికి తెలుసో లేదో నేను అడగలేదు, అతను చెప్పలేదు. 2011లో పోయాడు. ఫోను చేసి చెప్పిన మనిషి తాను రూమ్మేట్‌నన్నాడు. ముప్ఫై ఏళ్ల రూమ్మేట్!

విచిత్రం ఏమిటంటే, సరిగ్గా ఆ 1977లోనే శకుంతలా దేవి, అదే, లెక్కల శకుంతలా దేవి, ఇట్లాంటి మనుషుల గురించి ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాసింది. వాళ్లను నేరస్థులుగా చూడటం మానమని చెప్పింది. మనకు ఆవిడ కంప్యూటరుతో పోటీపడి లెక్కలు చేసిందని తెలుసు, 1980లో మెదక్‌లో ఇందిరాగాంధీ మీద నిలబడి ఓడిపోయిందని తెలుసు. ఈ పుస్తకం సంగతి మాత్రం నాకు నలభై ఏళ్ల తర్వాత తెలిసింది. ఆ రోజుల్లో మా ఇంటికి మూడు వారపత్రికలు వచ్చేవి. ఒక్కదాంట్లోనైనా నాలుగు ముక్కలు పడి, నేను చదివుంటే... పోనీలెండి.

మర్నాడు పొద్దున మునగాకు దూస్తూ కూర్చుని మనవడికి చిన్నతాత కథంతా చెప్పాను, ఉత్తరం సంగతితో సహా. వాడు చాలాసేపు ఆకు దూస్తూనే ఉన్నాడు. "నీకు సారీ చెప్పే చాన్స్ రాలేదు కదా అమ్మమ్మా" అన్నాడు చివరికి. కోప్పడతాడనుకున్నాను, జాలిపడ్డాడు. అది ఇంకా కష్టంగా ఉండింది.

అప్పుడు ఫోన్లో తన జాబితా చూపించాడు. తల్లి రాసిన కాలేజీలే సగం, వేరేవి సగం. ఒక్కోదాని పక్కన నక్షత్రాలు. క్యాంపస్ ప్రైడ్ అని ఒక సంస్థ 2007 నుంచీ ఇట్లాంటి పిల్లలకు ఏ కాలేజీ ఎంత అనుకూలమో లెక్కగట్టి అయిదు నక్షత్రాల దాకా ఇస్తున్నదట. ప్రత్యేకంగా ఆఫీసు ఉందా, హాస్టల్లో తోడు గదివాణ్ణి వాళ్ల ఇష్టప్రకారం అడగచ్చా, ఎవరైనా ఏడిపిస్తే ఫిర్యాదు చేసే దోవ ఉందా అని బోలెడు ప్రశ్నలు.

"ఈ ప్రశ్నలకు జవాబులెవరు చెబుతారు?" అన్నాను.

"కాలేజీ వాళ్లే."

నాకు నవ్వాగలేదు. మగపెళ్లివాళ్లే రాసిచ్చిన బయోడేటా అన్నమాట! "నక్షత్రాలు సరే అబ్బయ్యా, అక్కడ పాలుపోసే ఆమెను అడిగావా?" అన్నాను. వాడికి అర్థం కాలేదు. మా అమ్మ సంగతి చెప్పాక అర్థమయింది.

వాళ్ల నాన్న మనసంతా టెక్సాస్ యూనివర్సిటీ మీద. సొంత రాష్ట్రం, ఫీజు తక్కువ, కారులో నాలుగు గంటల లోపు ప్రయాణం. కాని టెక్సాస్‌లో 2024 జనవరి 1 నుంచి ఒక చట్టం అమల్లోకి వచ్చి ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఇట్లాంటి ఆఫీసులను మూయించింది. పిల్లల సంఘాలు ఉండచ్చు, కాలేజీ డబ్బుతో నడిచే ఆఫీసు ఉండకూడదు. అందుకని మావాడి కన్ను మిషిగన్ మీద పడింది. అక్కడ 1971లోనే ఇట్లాంటి పిల్లల కోసం ఒక ఆఫీసు తెరిచారట, అమెరికా కాలేజీల్లో అదే మొదటిదట. 1971! నేను అప్పుడు నెల్లూరు డి.కె. మహిళా కాలేజీలో బి.ఏ. చదువుతూ, మగవాళ్లతో మాట్లాడితే పేరు చెడుతుందని తల వంచుకు నడుస్తుండేదాన్ని. ఆ ఆఫీసు మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకాయన జిమ్ టాయ్. తండ్రి చైనా మనిషి, తల్లి అమెరికా ఆవిడ. 1970లో డెట్రాయిట్‌లో, యుద్ధం వద్దని జరిగిన సభలో, నలుగురి ముందూ నిలబడి తానిట్లాంటివాణ్ణని చెప్పుకున్నాడట. 2022 జనవరి 1న పోయాడు, తొంభై ఒకటేళ్లు బతికి. ఆయన ఫోటో చూపిస్తూ, "చూడు అమ్మమ్మా, ఈయన కూడా సగం సగం" అన్నాడు మావాడు.

ఆ 'సగం సగం' దగ్గరే ఉంది చిక్కంతా. వాడి మాటల్లోనే చెబితే బాగుంటుంది. "ఆ సెంటర్‌కి వెళ్తే అక్కడ అందరూ తెల్లవాళ్లే అయితే? ఇంట్లో చెప్పెయ్, ఒప్పుకోకపోతే బయటికి వచ్చెయ్ అంటారు. నాకు బయటికి రావాలని లేదు. ఇండియన్ అసోసియేషన్‌కి వెళ్తే అక్కడ దీపావళి ఉంటుంది, దోసె ఉంటుంది. కానీ నా సంగతి ఒక్కడికి తెలిస్తే సాయంత్రానికి ఫ్రిస్కో హనుమాన్ గుడిలో అమ్మకి తెలుస్తుంది." ఒకచోట వాడు మనవాడై ఉండకూడదు, ఇంకోచోట వాడు వాడై ఉండకూడదు. ఈ గడి ఏ నక్షత్రాల పట్టీలోనూ లేదు. ఎట్లా ఉంటుంది? మన వాళ్ల నోళ్లకు కాలేజీవాళ్లు జవాబు రాయలేరుగా.

అయితే వాడు పాలుపోసే ఆమెను పట్టుకున్నాడు. ఎట్లా పట్టుకున్నాడో నాకు పూర్తిగా తెలియదు, వాళ్ల ఫోన్లలో ఏవో దోవలుంటాయి. అక్కడ మూడో సంవత్సరం చదివే ఒక తమిళ పిల్ల. ఆమె పెద్ద జాబు రాసింది. మన పిల్లల్లో ఎక్కువమంది పట్టించుకోరు, ఇద్దరు ముగ్గురు గుసగుసలాడతారు, ఇంటికి ఫోన్లు చేసేవాళ్లు ఇంతవరకూ తగల్లేదు, మన దక్షిణాసియా పిల్లలే ఇట్లాంటివాళ్లు కొందరు శనివారాలు ఒకరి గదిలో కలిసి వండుకుంటారు, చలి మాత్రం ఎవరెంత చెప్పినా తక్కువే – ఇదీ సారాంశం. నాకు ఆ పిల్ల నచ్చింది. అబద్ధమాడదలచినవాళ్లు గుసగుసలాడే ఇద్దరు ముగ్గుర్ని లెక్కలోంచి తీసేసి ఉండేవాళ్లు.

ఇంతకీ మన దేశంలో సంగతేమిటని నాకు ఆరాటం పుట్టింది. హైదరాబాదులో ఉండే మా తమ్ముడి కూతుర్ని అడిగాను, లెక్చరరు. మీరనుకున్నంత అధ్వాన్నం కాదత్తయ్యా అంది. ర్యాగింగు నిషేధించే యు.జి.సి. నిబంధనల్లో 2016లోనే ఈ సంగతి చేర్చారట. ఇట్లాంటి పిల్లవాడని ఎవరినైనా వేధిస్తే అదీ ర్యాగింగే. హైదరాబాదులోని నల్సార్ లా యూనివర్సిటీ 2022లో హాస్టల్లో ఒక అంతస్తు ఆడా మగా అన్న పట్టింపు లేకుండా ఉండేవాళ్ల కోసం కేటాయించింది. ఇక 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377వ సెక్షనులో ఈ నేరాన్ని కొట్టేసిందే, దానికి ముందు కోర్టుకెక్కిన వాళ్లలో ఐ.ఐ.టి.ల్లో చదివిన పిల్లలు ఇరవై మంది దాకా ఉన్నారు. ఆ పిటిషన్ మీద మొదటి పేరు అన్వేశ్ పొక్కులూరి. ఆ ఇంటిపేరు చూసి నేను చదవటం ఆపి కళ్లజోడు తుడుచుకున్నాను. మన తెలుగు ఇంటిపేరే! మా మరిది బతికి ఉంటే ఆ పేపరు కొరియరులో పంపేదాన్ని.

కానీ ఒకటి. మా ఊళ్లోనో, పక్కనున్న విడవలూరులోనో ఇట్లాంటి పిల్లవాడు ఉండడా? ఉంటాడు. వాడికి పన్నెండు కాలేజీల జాబితా ఎక్కడిది? ఎంసెట్‌కి పేరు మార్చి ఈఏపీసెట్ అన్నారు, ర్యాంకును బట్టి ఎక్కడ సీటొస్తే అక్కడికే పోవాలి. హాస్టలు గదిలో ముగ్గురో నలుగురో. వాడు ఎవరిని అడుగుతాడు? ఇది ఇక్కడ ఆపుతాను, నా దగ్గర జవాబు లేదు.

జూలైలో మా అమ్మాయి వచ్చింది. అప్పుడే మొహర్రం, నెల్లూరులో రొట్టెల పండగ. బారా షహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో నడుంలోతు నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకునే ఆ పండగ మన వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. ఎరగనివాళ్లకు ఒక్క మాట: కోరిక ఉన్నవాళ్లు, అదే కోరిక తీరినవాళ్ల దగ్గర రొట్టె తీసుకుని తింటారు. తమ కోరిక తీరాక మళ్లీ వచ్చి ఇంకొకరికి రొట్టె ఇస్తారు. పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఉద్యోగం రొట్టె, ఇంటి రొట్టె, చివరికి విదేశాల రొట్టె కూడా. హిందువులు, ముస్లిములు అన్న తేడా లేదు. నీళ్లలో పక్కపక్కన చెంగు నెత్తిన కప్పుకుని నిలబడితే ఎవరెవరో ఎవరు చెప్పగలరు?

మా అమ్మాయి చదువు రొట్టె తీసుకుంది, కొడుక్కి మంచి కాలేజీ రావాలని. తనకి కూడా 2001లో విదేశాల రొట్టె నేనే తీసుకున్నాను మరి. వాడు గట్టు మీద కూర్చుని అంతా చూసి, "అమ్మమ్మా, తిరిగొచ్చే రొట్టె ఉందా?" అని అడిగాడు. మా అమ్మాయి నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

ఆ రాత్రే మేడ మీద తల్లికి చెప్పేశాడు. నేను కింద గదిలోనే ఉన్నాను. అరుపులేమీ లేవు. అరగంటకు మా అమ్మాయి దిగివచ్చి తలుపు దగ్గర నిలబడి ఒక్కటే అడిగింది.

"నీకు ముందే తెలుసా అమ్మా?"

"నెల రోజులుగా తెలుసు."

"నేను వాడి తల్లిని. నాకు చెప్పాలని నీకు అనిపించలేదా?"

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కొడుకు మీద కోపం చూపించటానికి భయపడింది, ఆ కోపమంతా నా మీద పెట్టింది. కన్నవాళ్లం అందుకు కాకపోతే ఎందుకున్నాం? మూడో రోజు, "డాక్టరుకు చూపిస్తే?" అంది. అప్పుడు నేను ఆ 1977 చొక్కా జేబు కథ చెప్పాను. బొంబాయి చిన్నాన్నంటే దానికి ప్రాణం. చిన్నప్పుడు క్యారమ్ బోర్డు పంపింది ఆయనే. ఆయన ఎందుకు ఇంటికి రాడో, ఎందుకు పెళ్లి చేసుకోలేదో దానికి ఎవరూ చెప్పలేదు. అది ఏడ్చింది. చిన్నాన్న కోసమే ఏడ్చింది. కొడుకు కోసం ఏడవటం కన్నా అది సులువు కదా.

డాక్టరు సంగతీ తేల్చుకున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుల పట్టిక నుంచి 1990లోనే తీసేసింది. మన దేశపు మానసిక వైద్యుల సంఘం కూడా 2018లో ఇది జబ్బు కాదని ప్రకటించింది. 2021లో మద్రాసు హైకోర్టు ఇట్లాంటివాళ్లను మార్చేస్తామనే వైద్యాలను నిషేధించాలన్నది. ఆ తీర్పిచ్చిన జస్టిస్ ఆనంద్ వెంకటేశ్, తనకు ఈ విషయం సరిగా తెలియదని ఒప్పుకుని, తీర్పు రాసే ముందు తానే ఒక సైకాలజిస్టు దగ్గర కూర్చుని తెలుసుకున్నాడట. అంతటి జడ్జిగారు నాకు తెలియదనగలిగినప్పుడు ఇంటర్నెట్లో చూసి అన్నీ తెలుసనుకునే మన సంగతేమిటని మా అమ్మాయితో అన్నాను. అది జవాబు చెప్పలేదు, కానీ డాక్టరు మాట మళ్లీ ఎత్తలేదు.

అల్లుడి సంగతి ఎట్లాగని నాకు దిగులుగా ఉండేది. ఫోన్లో విని, చాలాసేపు ఊరుకుని, చివరికి ఆయనడిగిన ప్రశ్న ఏమిటో తెలుసా? "మిషిగన్ ఇంజనీరింగు ర్యాంకు ఎంత?" బాగానే ఉంది ర్యాంకు. ర్యాంకు బాగుంటే మనవాళ్లు ఎంతటిదాన్నైనా ఓర్చుకోగలరు. ఫీజు మాత్రం సొంత రాష్ట్రంలో అయ్యేదానికి నాలుగు రెట్ల పైమాటే. ఆ లెక్కల మీద ఆ ఇంట్లో మూడు నెలలు రభస జరిగింది. వద్దనటానికి అసలు కారణం ఫీజా, ఇంకోటా అన్నది వాళ్లకే తెలియాలి. అల్లుడు ఇప్పటికీ కొడుకుతో వాతావరణం, కారు, చదువు తప్ప ఇంకేమీ మాట్లాడడట. మాట్లాడుతున్నాడుగా, అది చాలు ప్రస్తుతానికి.

సీటు వచ్చింది. 2025 ఏప్రిల్‌లో తల్లీకొడుకులు ఆన్ ఆర్బర్ వెళ్లి చూసివచ్చారు. సరిగ్గా దానికి ముందు నెల్లోనే ఆ యూనివర్సిటీ కూడా తన డైవర్సిటీ ఆఫీసును మూసేస్తున్నట్టు ప్రకటించింది. నక్షత్రాలు ఆకాశంలోనే నిలకడగా ఉండవు, కాగితం మీద ఉంటాయా? మా అమ్మాయి గుండెలు చేత్తో పట్టుకుని వెళ్లింది. కానీ ఆ 1971 నాటి ఆఫీసు మాత్రం మిషిగన్ యూనియన్ అనే పెద్ద భవనంలో తెరిచే ఉంది. వాడు లోపలికి వెళ్లాడు. "నువ్వు వెళ్లలేదా?" అని అడిగాను ఫోన్లో.

"బయట బెంచీ మీద కూర్చున్నా అమ్మా. లోపలికి పోవాలంటే కాళ్లు రాలేదు. వాడు నలభై నిమిషాలు లోపలే ఉన్నాడు." కాసేపాగి, "ఆ తమిళ పిల్ల వచ్చి నా పక్కన కూర్చుంది. సన్నగా ఉంది. వాళ్లమ్మకి ఇంకా చెప్పలేదంట. నాకు కాఫీ తెచ్చిచ్చింది" అంది.

మా అమ్మ కన్నా నయం. పాలుపోసే ఆమె తనంతట తనే వచ్చి పక్కన కూర్చుంది.

2025 జూలైలో మళ్లీ రొట్టెల పండగ వచ్చింది. సెలవు దొరక్క మా అమ్మాయి రాలేకపోయింది. కోరిక తీరింది కాబట్టి చదువు రొట్టె తన పేరున నన్ను ఇచ్చి రమ్మంది. గోధుమపిండి కలుపుతుంటే ఫోను చేసింది. ఎన్ని చేస్తున్నావు, నెయ్యి రాశావా, గొడుగు తీసుకుపో... అన్నీ అయ్యాయి. పెట్టెయ్యదు. నేనే అడిగాను.

"నాకింకేమన్నా తెమ్మంటావా అక్కడి నుంచి?"

చాలాసేపటికి అంది. "పెళ్లి రొట్టె ఒకటి తీసుకో అమ్మా, వాడికి. ఇప్పుడే కాదులే, ఎప్పుడో. ఎవరితో అని అక్కడ అడగరు కదా?"

"ఇన్నేళ్లలో నన్నెవరూ అడగలేదే" అన్నాను.

చెరువులో చదువు రొట్టె అడుగుతూ గూడూరు నుంచి వచ్చిన ఒక తల్లి దొరికింది, కూతురు ఇంటర్ చదువుతున్నదట. ఆమెకిచ్చాను. తర్వాత పెళ్లి రొట్టె అని కేక వేస్తే, పచ్చ చీర కట్టుకున్న ఒకావిడ నీళ్లు తోసుకుంటూ వచ్చి నా చేతిలో పెట్టింది. "కొడుక్కా అమ్మా?" అంది.

"మనవడికి" అన్నాను. కొంచెం బెల్లం కూడా పెట్టింది లోపల. అక్కడే నీళ్లలో నిలబడి తిన్నాను.